పక్షవాతం నుండి కోలుకొన్నవారి అలసట

పక్షవాతం అనే మాట మన భాషలో చాలా కాలంగా వాడుకలో ఉన్నది. పక్షమంటే ఒక ప్రక్క. శరీరంలో ఒక ప్రక్కనున్న కాలూ చెయ్యీ పడిపోవడం కంటికి కనిపించే లక్షణం కనుక, ఆ లక్షణాన్ని బట్టి పెద్దలు వ్యాధికి ఆ పేరు పెట్టినారు. ఆ పేరు మన ఆలోచనను కూడా కొంతవరకు కట్టివేసింది. పడిపోయిన చెయ్యి లేచి, ఈడ్చిన కాలు నేలమీద సరిగా ఆని, వంకరపోయిన మూతి చక్కబడగానే వ్యాధి వెళ్ళిపోయినదని మనం నిశ్చయించుకొంటాము. రోగి సైతం అట్లాగే తలుస్తాడు. వైద్యుని వద్ద ధ్రువపత్రం తీసుకొని, మంచి రోజు చూసుకొని, తిరిగి పనిలో ప్రవేశిస్తాడు. అప్పుడు ఎవరూ ముందుగా చెప్పని ఒక బాధ అతనికి ఎదురవుతుంది. అదే అలసట. ఈ అలసట ఎట్టిది, ఎందువలన కలుగుతుంది, దానిని ఎరిగి ఉద్యోగాన్నీ ఉపాధినీ ఎట్లా నిలుపుకోవచ్చును అనే విషయాలను ఇక్కడ విచారిద్దాము.

ముందుగా, ఇది మనందరికీ తెలిసిన అలసట వంటిది కాదని గ్రహించవలె. రోజంతా పొలంలో పని చేసినవాడు సాయంత్రానికి అలసిపోతాడు. రాత్రి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే తెల్లవారేసరికి తేరుకొంటాడు. ఆ అలసటకు కారణం కనిపిస్తుంది, విరుగుడూ తెలుస్తుంది. పక్షవాతం తరువాత వచ్చే అలసట చేసిన పనికి తగినట్లు ఉండదు. ఒక గంట కూర్చుని లెక్కలు చూసినందుకు, నలుగురు చుట్టూ చేరి మాట్లాడినందుకు, బజారులో పావుగంట నిలబడినందుకు ఒక్కసారిగా ఒళ్ళంతా వాలిపోతుంది. తల మొద్దుబారుతుంది, మాట తడబడుతుంది, కనులు మూతలు పడతాయి. రాత్రి ఎనిమిది గంటలు నిద్రించినా ఉదయం లేచేసరికి అది తీరదు.

ఇది అరుదైన బాధ అనుకోరాదు. వేరువేరు దేశాలలో జరిగిన పరిశీలనలను కూర్చి చూసినప్పుడు, పక్షవాతం నుండి బయటపడినవారిలో సుమారు సగం మంది ఈ అలసటకు లోనవుతున్నట్లు తేలింది. కాలుచేతులు బాగా దెబ్బతిన్నవారికి ఎక్కువగానూ, స్వల్పంగా దెబ్బతిన్నవారికి తక్కువగానూ ఉంటుందని మనం ఊహిస్తాము. ఆ ఊహ నిజం కాదు. వ్యాధి చాలా తేలికగా వచ్చి పోయినవారికి, కొన్ని గంటలలోనే మాటా చెయ్యీ తిరిగి వచ్చినవారికి సైతం నెలల తరబడి ఈ అలసట నిలిచిపోవచ్చును. చేతికర్ర పట్టుకొని నడిచేవానిని చూస్తే అందరూ ప్రక్కకు తొలగి దారి ఇస్తారు. చేతికర్ర లేకుండా నడిచేవాని అలసట మాత్రం ఎవరి కంటా పడదు.

మనిషి మెదడు బరువు శరీరపు బరువులో నూటికి రెండు పాళ్ళు మాత్రమే. అయినా మనం పీల్చే ప్రాణవాయువులో సుమారు అయిదవ వంతును మెదడే ఖర్చు చేస్తుంది. రక్తనాళం మూసుకొనిపోయినా, చిట్లినా, ఆ భాగానికి రక్తం అందక కొన్ని కణాలు నశిస్తాయి. నశించిన కణాలు తిరిగి పుట్టవు. రోగి కోలుకొంటున్నాడంటే, మిగిలిన కణాలు కొత్త దారులు ఏర్పరచుకొని పాత పనులను తమమీద వేసుకొంటున్నాయని అర్థం. పది మంది చేసే పనిని ఏడుగురు చేస్తున్నారన్నమాట. పని జరుగుతున్నది కాబట్టి చూచేవారికి లోటు కనిపించదు. ఆ ఏడుగురు ఎంత శ్రమపడుతున్నారో లోపలివారికే ఎరుక.

మరొక సంగతి. ఆరోగ్యవంతుడు చేసే పనులలో ఎక్కువ భాగం తలచకుండానే జరిగిపోతాయి. నడిచేటప్పుడు ఏ పాదం ఎప్పుడు ఎత్తవలెనో ఆలోచించము. నలుగురు మాట్లాడుతున్నప్పుడు మనకు కావలసిన మాటను విని, వెలుపలి మోటారు చప్పుడును ప్రయత్నం లేకుండానే త్రోసివేస్తాము. పక్షవాతం తరువాత ఈ అప్రయత్నమైన పనులలో చాలావాటికి ప్రయత్నం అవసరమవుతుంది. ప్రతి అడుగునూ చూసి వేయవలె. ప్రతి మాటనూ వెదకి తేవలె. ప్రతి చప్పుడునూ పనిగట్టుకొని దూరం పెట్టవలె. ఇంతకుముందు లెక్కలోకి రాని చిల్లర ఖర్చులన్నీ ఇప్పుడు మూలధనాన్ని తినివేస్తాయి. దీనికి తోడు, వ్యాధి అనంతరం శరీరంలో కొనసాగే వాపు ప్రక్రియకూ, కండరాలను కదిలించే మెదడు భాగాల ఉత్సాహశక్తి తగ్గడానికీ ఈ అలసటతో సంబంధం ఉండవచ్చునని పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ విషయాన్ని లోపలినుండి చూసి చెప్పిన ఒక శాస్త్రజ్ఞుడు ఉన్నాడు. నార్వే దేశంలో ఓస్లో విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య అల్ఫ్ బ్రోడల్ మెదడు నిర్మాణాన్ని జీవితమంతా పరిశోధించిన పండితుడు. 1972లో ఆయనకే పక్షవాతం వచ్చి ఎడమ ప్రక్క బలహీనపడింది. తాను ఇంతకాలం ఇతరుల మెదళ్ళలో వెదకిన సంగతులు ఇప్పుడు తనలో జరుగుతున్నందున, ఆయన తన అనుభవాలను జాగ్రత్తగా గమనించి 1973లో బ్రెయిన్ అనే వైద్య పత్రికలో ప్రకటించినాడు. బలహీనపడిన కండరాన్ని కదిలించడానికి మనస్సు ఎంతో బలం ప్రయోగించవలసి వస్తున్నదనీ, కండరం ఎంత బలహీనమైతే ఈ మానసిక శ్రమ అంత అధికమనీ ఆయన గ్రహించినాడు. ఎన్నో ఏండ్లుగా అలవాటైన బో టైని మెడకు కట్టుకోవడానికి పలుమార్లు ప్రయత్నించవలసి వచ్చింది. తరువాతి మెలిక ఏదో వ్రేళ్ళకు తోచలేదు. వ్యాధి సోకని కుడిచేతి వ్రాత కూడా మారిపోయింది. మనస్సు త్వరగా అలసిపోవడం, ఏకాగ్రత సన్నగిల్లడం, దీర్ఘమైన వాక్యాన్ని చివరివరకు పట్టుకోలేకపోవడం ఆయన తనలో గుర్తించినాడు. అంతటి విద్వాంసునికి, ఇష్టపడి చేసే పనిలోనే, ఈ స్థితి కలిగినదంటే దీనిని సోమరితనమని ఎవరనగలరు?

అనేవారు ఉన్నారు. బాధ అక్కడే ఉన్నది. ఉదాహరణకు, హనుమకొండలో ఒక కార్యాలయ గుమాస్తాను ఊహించుకొందాము. మూడు నెలల సెలవు తరువాత తిరిగి వచ్చినాడు. మొదటి వారం ఉత్సాహం మోస్తుంది. పేరుకొనిపోయిన కాగితాలన్నీ తానే తీర్చివేయవలెనని కూర్చుంటాడు. తోటివారు "సారూ, మంచిగనే కనవడుతున్నరు గదా!" అని సంతోషిస్తారు. రెండవ వారంలో మధ్యాహ్నం రెండు గంటలకు అంకెలు కళ్ళముందు అల్లుకొనిపోతాయి. మూడవ వారంలో ఒక కూడిక తప్పుతుంది. అధికారి ఊరకుంటాడు గాని, మనసులో వ్రాసుకొంటాడు. ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. "ఏమైంది బాపూ, పొద్దున మంచిగనే ఉంటివి గదా" అని కూతురు అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఆయన వద్ద సమాధానం లేదు. తన బాధకు పేరు ఉన్నదని ఆయనకే తెలియదు. తనకు పని మీద మనసు లేదేమోనని తనను తానే శంకించుకొంటాడు. ఈ దశలోనే చాలామంది ఉద్యోగానికి స్వస్తి చెప్పుతారు. వ్యాధి చేయి చాచి తీసుకొనని జీవనాన్ని ఈ విధంగా తెలియమి తీసుకొంటుంది.

కనుక చికిత్సలో మొదటి మెట్టు తెలియడమే. పక్షవాతం వచ్చినవారికీ, వారి ఇంటివారికీ, ఆసుపత్రి నుండి పంపేటప్పుడే ఈ అలసటను గూర్చి చెప్పడం మేలు. చెప్పనిచోట మనమే అడగవలె. వరంగల్ వారికి కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక వైద్యాలయం, అనగా మనమందరం ఎం.జి.ఎం. అని పిలిచే పెద్దాసుపత్రి, అందుబాటులో ఉన్నది. మందుల కొరకు వెళ్ళినప్పుడు రక్తపోటు ఎంత ఉన్నదని అడిగినట్లే, అలసట సంగతి కూడా వైద్యునికి విప్పి చెప్పవలె. "నీరసంగా ఉన్నది" అన్న ఒక్క మాట చాలదు. ఏ వేళకు వస్తుంది, ఏ పని తరువాత వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, పడుకొంటే తగ్గుతుందా లేదా అనే వివరాలు కావలె.

ఎందుకనగా, పక్షవాతపు అలసట అని తీర్మానించుకొనే ముందు వైద్యుడు పరిశీలించవలసిన ఇతర కారణాలు కొన్ని ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి మందగించడం, బి-12 విటమిను లోపం, అదుపు తప్పిన మధుమేహం, రక్తంలో సోడియం తగ్గడం వంటివి చిన్న పరీక్షలతో బయటపడతాయి, సరిదిద్దడానికీ వీలవుతుంది. రాత్రి పెద్దగా గురక పెడుతూ, మధ్యమధ్య శ్వాస ఆగి ఉలిక్కిపడి లేచేవారికి నిద్ర నిజమైన నిద్ర కాదు. ఈ లక్షణం పక్షవాతం వచ్చినవారిలో తరచు కనిపిస్తుంది. భుజం నొప్పి వలన రాత్రులు మేలుకొనేవారు ఉన్నారు. కొన్ని మందులు, ముఖ్యంగా మూర్ఛకూ, కండరాల బిగుతుకూ, రక్తపోటుకూ ఇచ్చే వాటిలో కొన్ని, మత్తునూ మాంద్యాన్నీ కలిగించవచ్చును. అట్లని ఎవరూ తమంతట తాము మందు మానరాదు. పక్షవాతం మరల రాకుండా కాపాడుతున్నవి ఆ మందులే. మార్చవలసినది ఉంటే వైద్యుడే మార్చుతాడు.

మనసు క్రుంగిపోవడం కూడా ఒక కారణం. అయితే క్రుంగుబాటూ అలసటా ఒకటి కావు. క్రుంగినవానికి ఏ పనిమీదా కోరిక పుట్టదు. అలసినవానికి కోరిక ఉంటుంది, శక్తి చాలదు. రెండూ కలిసి ఉండేవారు అనేకులు. క్రుంగుబాటుకు ఇచ్చే మందు వలన మనసు తేరుకోవచ్చును గాని, అలసట కూడా పోతుందని నమ్మకం లేదు. ఈ అలసటకే ప్రత్యేకంగా పనిచేస్తుందని రుజువైన మందు ఇంతవరకు లేదు. కాబట్టి బలానికని అమ్మే సూదులమీదా, సీసాలమీదా డబ్బు పోసుకొనే ముందు వైద్యుని సలహా పొందడం మంచిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అలసట మెల్లగా కమ్ముకొంటుంది, విశ్రాంతితో కొంతైనా సడలుతుంది. అకస్మాత్తుగా మూతి వంకరపోవడం, ఒక చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం, చూపు పోవడం జరిగితే దానిని అలసటగా భావించి పడుకోబెట్టరాదు. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలె. రక్తపు గడ్డను కరిగించే మందు పనిచేయడానికి సాధారణంగా నాలుగున్నర గంటల వ్యవధి మాత్రమే ఉంటుంది. అందులో ఎంత ముందు చేరితే అంత మేలు.

మందు లేదంటే మార్గం లేదని కాదు. ఉన్న శక్తిని పొదుపుగా వాడుకోవడమే మార్గం. దీనిని మన ప్రాంతంవారికి వేరుగా బోధించనక్కరలేదు. కాకతీయులు త్రవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల నీటితో పండిన నేల ఇది. చెరువు నిండుగా ఉన్న ఏడు తూము ఎంతసేపు తెరిచినా చెల్లుతుంది. నీరు తక్కువైన ఏడు నీరటికాడు వంతులు పెట్టుతాడు. ఈ రోజు ఈ మడికి, రేపు ఆ మడికి అని లెక్కకట్టి వదలుతాడు. మొదటి రోజే తూములన్నీ ఎత్తివేస్తే పైరు పొట్టకు వచ్చే వేళకు చెరువు ఎండుతుంది. పక్షవాతం నుండి కోలుకొన్న మనిషి ఒకసారి గండిపడి పూడ్చిన చెరువు వంటివాడు. కట్ట నిలిచింది, నీరు తక్కువగా ఉన్నది. అతడు తనకు తానే నీరటికాడు కావలె.

ఆచరణలో దీనికి మొదటి సాధనం ఒక చిన్న నోటుపుస్తకం. రెండు వారాలపాటు ఏ గంటకు ఏ పని చేసినదీ, అప్పుడు అలసట ఏ మాత్రం ఉన్నదీ సున్నా నుండి పది వరకు అంకె వేసి వ్రాసుకోవలె. వ్రాయలేనివారికి ఇంట్లో పిల్లలు వ్రాసి పెట్టవచ్చును. రెండు వారాలు తిరిగేసరికి ఒక క్రమం బయటపడుతుంది. ఒకరికి ఉదయం తొమ్మిది నుండి పదకొండు వరకు మనసు తేటగా ఉంటుంది. ఇంకొకరికి బస్సు ప్రయాణమే సగం శక్తిని హరించివేస్తుంది. వేరొకరికి పనికన్న పనిమధ్య వచ్చే పలకరింపులు ఎక్కువ భారమవుతాయి. ఈ క్రమం తెలిసిన పిమ్మట, బుద్ధికి శ్రమ కలిగించే పనిని తేటగా ఉన్న వేళకు, చేయి మాత్రమే చేసే పనిని మిగిలిన వేళకు మార్చుకోవచ్చును. ఓరుగల్లు ఎండలు ఎట్టివో చెప్పనక్కరలేదు. వేసవిలో అలసట హెచ్చుతుంది గనుక, వీలైన పనులన్నీ ప్రొద్దుటిపూటకే జరుపుకోవడం మేలు.

రెండవది విశ్రాంతి. అలసిపోయిన తరువాత విశ్రమించడం మనకు అలవాటు. వీరు అలసట రాకముందే విశ్రమించవలె. ఇది వినడానికి సులభమే గాని చేయడానికి కష్టం. పని చక్కగా సాగుతున్నప్పుడు ఆపడానికి ఎవరికి మనసొప్పుతుంది? అయినా గంటకో, గంటన్నరకో ఒకసారి పది పదిహేను నిమిషాలు ఆపడం వలన సాయంత్రం వరకు నిలువగలుగుతారు. విశ్రాంతి అంటే కన్నూ చెవీ కూడా విశ్రమించడం. ఫోను చూడటం, పత్రిక తిరగవేయడం మెదడుకు పనే. రేడియోలో పనిచేసే మేము ఈ మాట చెప్పడం వింతగా తోచవచ్చును గాని, ఆ పదిహేను నిమిషాలు రేడియో కూడా ఆపివేయండి. పాట తరువాత వినవచ్చును.

మూడవది, మంచి రోజున జాగ్రత్త. ఒక ఉదయం ఒళ్ళు తేలికగా ఉంటుంది. ఇంకేమి, పాత రోజులు వచ్చినవని మిగిలిపోయిన పనులన్నీ ఒక్కనాడే ముగిస్తారు. మరునాడూ, ఆ మరునాడూ మంచం దిగలేరు. ఇట్లా ఎక్కుతూ పడుతూ ఉంటే మనిషికి తనమీద నమ్మకం పోతుంది. మంచి రోజునా చెడ్డ రోజునా దాదాపు ఒకే కొలతలో పనిచేసి, ఆ కొలతను వారాల వ్యవధిలో కొంచెం కొంచెం పెంచుకొంటూ పోవడం క్షేమం. పెంచేటప్పుడు గంటలనూ, పని బరువునూ రెంటినీ ఒకేసారి పెంచరాదు.

పొదుపు అన్నామని కదలకుండా కూర్చోవడం కూడా తగదు. కూర్చున్నకొద్దీ కండరాలు క్షీణించి, కొద్ది పనికే ఆయాసం వస్తుంది. నెదర్లాండ్స్ దేశంలో జరిపి 2012లో ప్రకటించిన ఒక పరిశీలనలో 83 మంది రోగులను రెండు జట్లు చేసి 12 వారాలు శిక్షణ ఇచ్చినారు. ఒక జట్టుకు అలసటను అర్థం చేసుకొని దినచర్యను దిద్దుకొనే బోధన మాత్రమే ఇచ్చినారు. రెండవ జట్టుకు ఆ బోధనతోపాటు నడక మొదలైన వ్యాయామాన్ని క్రమంగా పెంచుతూ నేర్పినారు. మొదటి జట్టులో నూటికి 24 మందికి, రెండవ జట్టులో నూటికి 58 మందికి అలసట గుర్తించదగినంత తగ్గింది. చిన్న పరిశీలనే అయినా దారి చూపుతున్నది. వైద్యుని అనుమతితో రోజూ కొద్ది దూరం నడవడం, ఆ దూరాన్ని నెమ్మదిగా పెంచుకోవడం ఎవరికైనా సాధ్యమైన పని.

ఇంతవరకు రోగి చేయదగినది చెప్పుకొన్నాము. అయితే ఇది ఒక్కని చేతిలో ఉన్న పని కాదు. పని ఇచ్చేవారు సహకరించనిదే ఈ సలహాలన్నీ కాగితంమీదనే ఉంటాయి. మొదటి నెలలో సగం పూట పని, లేదా రోజు విడిచి రోజు పని. రద్దీ లేని వేళలలో రాకపోకలు. జనం తొక్కిడి లేని మూలలో ఒక బల్ల. ఒక పని ముగిసిన తరువాతనే ఇంకొకటి అప్పగించడం. మాటతో చెప్పిన దానిని ఒక చీటిమీద కూడా వ్రాసి ఇవ్వడం. వీటిలో ఖర్చుతో కూడినది ఏదీ లేదు. ఉపాధ్యాయుడైతే వరుసగా నాలుగు పీరియడ్లు ఇవ్వకుండా మధ్యమధ్య ఖాళీ ఉంచవచ్చును. బస్సు, లారీ, రైలింజను నడిపేవారి విషయంలో మాత్రం మొగమాటం పనికిరాదు. వారి అలసట ఇతరుల ప్రాణాలకు కూడా సంబంధించినది కనుక, వైద్య పరీక్షలో యోగ్యులని తేలేవరకు వేరే పనిలో ఉండటమే న్యాయం.

చట్టం కూడా కొంత అండగా ఉన్నది. 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం సంభవించిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థ ఏదీ ఉద్యోగం నుండి తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ ఆ చట్టంలోని 20వ సెక్షను చెప్పుతున్నది. పాత పని చేయలేకపోతే అదే వేతన శ్రేణిలో వేరొక పనికి మార్చవలె. అటువంటి పని లేకపోతే, దొరికేవరకు గాని పదవీ విరమణ వరకు గాని అదనపు పోస్టులో ఉంచవలె. ప్రభుత్వ కంపెనీలకూ కార్పొరేషన్లకూ ఈ నియమం వర్తిస్తుంది. అయితే ఆ చట్టపు జాబితాలో అలసటకు విడిగా స్థానం లేదు. అవయవాల కదలికకు, మాటకు సంబంధించిన వైకల్యాలు ఉన్నాయి. కనుక వైద్యుని ధ్రువపత్రంలో "పనికి యోగ్యుడు" అనే ఒక్క ముక్కతో సరిపెట్టక, ఎన్ని గంటలు పనిచేయగలడు, ఏయే పనులు తప్పించవలెను అనే వివరం వ్రాయించుకోవడం ఎంతో ఉపయోగకరం. ఇ.ఎస్.ఐ. పథకంలో చేరిన కార్మికులకు జబ్బు కాలంలో వేతనంలో నూటికి 70 వంతులు 91 రోజుల వరకు లభిస్తాయి. ఒక ప్రక్క పడిపోయిన పక్షవాతం దీర్ఘకాల వ్యాధుల జాబితాలో ఉన్నది కనుక, నియమిత సేవాకాలమూ చందా షరతులూ పూర్తిచేసినవారికి నూటికి 80 వంతుల చొప్పున రెండు సంవత్సరాల వరకు సహాయం కొనసాగవచ్చును.

యజమాని అంటూ లేనివారి సంగతి ఏమిటి? మన జిల్లాలో వారే అధికం. ఏనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలూ పత్తి బస్తాలూ ఎత్తే హమాలీకి సెలవు ధ్రువపత్రం ఎవరిస్తారు? కొత్తవాడలో మగ్గంమీద జంఖానా నేసేవానికి విశ్రాంతి అంటే ఆ పూట కూలి పోవడమే. 2018లో వరంగల్ జంఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. నేసే చేతికి జబ్బు చేస్తే ఆదుకొనే ఏర్పాటు మాత్రం ఆ గుర్తింపుతో రాదు. ఇటువంటివారికి "విశ్రాంతి తీసుకో" అనే సలహా, ఆకలిగొన్నవానికి అరగని తిండి తినవద్దని చెప్పినట్లుంటుంది. అయినా వారి వృత్తులలోనే కొన్ని ఉపాయాలు ఉన్నాయి. హమాలీలు ముఠాలుగా పనిచేసి, వచ్చిన కూలిని పంచుకొంటారు. పక్షవాతం వచ్చి తేరుకొన్న సోదరుని ఎత్తుడు పని నుండి తప్పించి, బస్తాల లెక్క చూడటం, మూతులు కుట్టడం వంటి పనిలో ఉంచడానికి ముఠా అంగీకరిస్తే ఒక కుటుంబం నిలుస్తుంది. నేతపనివారి ఇంట్లో మగ్గం ఒకరు ఎక్కితే కండెలు చుట్టడం ఇంకొకరు చేయవచ్చును. కొన్ని నెలలపాటు ఆ వంతులు మార్చుకోవడం వీలవుతుంది. ప్రభుత్వాలూ సంఘాలూ చేయవలసినది ఎంతో ఉన్నది. అది జరిగేలోగా తోటివారి మనసు కొంత అడ్డుపడగలదు.

ఎవరి జాబితాలోనూ చేరని పనివారు ఇంకొకరు ఉన్నారు. వారు మన ఇండ్లలోని స్త్రీలు. పక్షవాతం వచ్చిన గృహిణి ఆసుపత్రి నుండి ఇల్లు చేరిన నాడే పనిలో తిరిగి ప్రవేశించినట్లు. ఆమెకు సగం పూట ఉద్యోగం లేదు. చెయ్యి ఆడుతున్నది కదా అని పొయ్యి ఆమెకే అప్పగిస్తాము. కూరగాయలు తరుగుతూ, పాలు పొంగకుండా చూస్తూ, పిల్లవాని ప్రశ్నకు జవాబిస్తూ, వాకిట పిలిచిన వారికి పలుకుతూ ఉండటం మెదడుకు ఎంత బరువో ఇంతకుముందు చెప్పుకొన్నదానిని బట్టి ఊహించవచ్చును. ఒకే సమయంలో అనేక విషయాలు చూసుకోవడమే ఈ వ్యాధి తరువాత అన్నిటికన్న కష్టమైన పనులలో ఒకటి. వంటను కూర్చుని చేసే ఏర్పాటు, తరిగే పని ముందురోజే ఇంకొకరు ముగించడం, మధ్యాహ్నం ఒక గంట ఆమెను ఎవరూ పిలవకపోవడం. ఇవి ఇంట్లోవారందరూ పంచుకోదగిన బాధ్యతలు.

చివరగా ఇంటివారికి ఒక మాట. ఈ అలసట కొందరికి మొదటి సంవత్సరంలోనే చాలావరకు తగ్గుతుంది. కొందరికి ఏండ్ల తరబడి కొంత మిగిలి ఉంటుంది. ఎవరికి ఎట్లా జరుగుతుందో ముందుగా నిర్ణయించి చెప్పడం సాధ్యం కాదు. అందువలన "ఇంకా ఎన్ని రోజులు?" అన్న ప్రశ్న రోగికి అలసటకన్న పెద్ద భారమవుతుంది. దానికి బదులుగా "ఈ రోజు ఎంత ఓపిక ఉన్నది?" అని అడగండి. ఆ ఓపికకు తగినట్లు పని పంచండి. మనిషి ముఖంలో కళ ఉన్నదని, నడక బాగున్నదని లోపలి చెరువు నిండినదని అనుకోకండి. అతడు ఎనిమిది గంటల పనిలో అయిదు గంటలే చేసి లేచినప్పుడు, ఆ అయిదు గంటలు చేయడానికి ఎంత శక్తి వెచ్చించినాడో ఒక్క క్షణం తలచుకోండి. ఆ తలపు ఇంట్లోనూ, కార్యాలయంలోనూ ఉన్నచోట, పక్షవాతం నుండి కోలుకొన్న మనిషి తన పనిని నిలుపుకొంటాడు. పనితోపాటు నలుగురిలో తన గౌరవాన్నీ నిలుపుకొంటాడు.